రెండూ రాసుకోండి

శనివారం కాక చచ్చిపోయాడని ఫోనొచ్చినప్పుడు నా నోటి నుంచి ముందు వచ్చింది బూతు. ఏడుపు తర్వాత వచ్చింది. ఇన్నేళ్లు నాతో వాదించి, ఒక్కసారి కూడా నన్ను సరిగ్గా గెలవనీయకుండా, చివరి మాట తనదే చేసుకుని వెళ్లిపోయిన మనిషిని ఇంకేమనాలి? నా భార్య వంటింట్లోంచి వచ్చి, "ఎవలను తిడుతున్నవ్ గట్ల?" అంది. చెప్పాను. పక్కన కూలబడి, "ఆయనను తిట్టే హక్కు నీకున్నది తియ్" అంది.

అసలు పేరు బొగ్గు గని మస్టర్ పుస్తకంలో, హాజరు పట్టీలో, ఉండేది. బాయి మీద దాని అవసరం ఎవరికీ రాలేదు. శనివారం పని ముట్టడు కాబట్టి శనివారం కాక. కృష్ణకు అవతల, గుంటూరు వైపు ఒక పల్లెలో కొన్ని కుటుంబాలు యూదు మతం పాటిస్తాయి. అక్కడినుంచి వయసులో ఉండగానే పెళ్లాన్ని వెంటబెట్టుకుని గోదావరిఖనికి వచ్చి బొగ్గు బాయిలో చేరాడు. ముందు తట్ట మోశాడు. తర్వాత టింబర్‌మన్ అయ్యాడు, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చాలాకాలం మేమాయన్ను క్రైస్తవుడే అనుకున్నాం. "మరి చర్చికి పోవేందే కాకా?" అని ఒకడు అడిగితే, "నువ్వు మైసమ్మకు కోడిని కోస్తవు గదా, మసీదుకు పోవేంది?" అని ఎదురడిగాడు. వారపు సెలవును శనివారానికి మార్పించుకున్నాడు. ఆదివారం మేమందరం ఇంట్లో కోడికూర తినే పూట ఆయన టోపీ లైటు పెట్టుకుని దిగేవాడు.

నేనప్పుడు కొత్తగా సర్దార్‌నయ్యాను. సర్దారంటే ఒక సెక్షన్‌లో పనిచేసే వాళ్ల ప్రాణాలకు పూచీ. చేతికర్రతో పైకప్పును తట్టి వినాలి. చప్పుడు గట్టిగా ఉంటే మనుషుల్ని పంపాలి, డొల్లగా ఉంటే ఆపాలి. నేను తట్టి "మంచిగున్నది, పోండ్రి" అన్న తర్వాత కాక వచ్చి మళ్లీ తట్టేవాడు. నాకు ఒళ్లు మండేది.

"నా మీద నమ్మకం లేదా?"

"నీ చెవి మీద ఉన్నది. నా చెవికి కూడ పని చెప్పాలె గద."

ఒకరోజు నేను గట్టిదన్న చోట ఆయన డొల్ల అన్నాడు. పదిమంది పని ఆపి చూస్తుండగా అరుచుకున్నాం. సర్దార్‌ను కాబట్టి నా మాటే నడిచింది. షిఫ్టు అయ్యేదాకా ఏమీ కూలలేదు. పైకి వచ్చాక నవ్వుతూ నా భుజం తట్టి, "ఇయ్యాల నువ్వు గెలిచినవ్. నేనన్నది మాత్రం యాదికుంచుకో" అన్నాడు. ఓడిపోయిన మాటను నేనెందుకు గుర్తుంచుకోవాలని కసిరాను. అప్పుడు చెప్పాడు, వాళ్ల రబ్బీల, అంటే మతగురువుల సంగతి. గ్రంథంలో దేవుడు చెప్పిన ఒక్కో మాటకు అర్థమేమిటని వందల ఏళ్లు కొట్లాడుకున్నారట. ఎక్కువమంది ఏదంటే అది చట్టం. కానీ ఓడినవాడి మాటను కూడా, పేరుతో సహా, పక్కనే రాసి ఉంచారట.

"ఓడినోని మాట ఎందుకు రాసుడు?"

"వాడు కూడ అదే గ్రంథం చదివిండు గదరా."

ఆయన చదివేదంతా నోటు పుస్తకాల్లో ఉండేది. ఎప్పుడో వాళ్ల పల్లెకు వచ్చిన ఒక రబ్బీ చెప్పినవి, చదువుకున్న బంధువులు తెలుగులో రాసి పంపినవి. అట్టలు ఊడిపోయి, బొగ్గు వేలిముద్రలు పడి ఉండేవి. చిన్నమ్మకు, అంటే ఆయన భార్యకు, ఆ నోటు పుస్తకాలంటే గిట్టదు. ఆమెకు చదువు రాదు గానీ మూలగ్రంథం సగం కంఠతా వచ్చు. రాసింది రాసినట్టు చేస్తే చాలదా, మధ్యలో ఈ ముసలోళ్ల రగడ ఏందని ఆమె వాదన. శనివారం నిప్పు ముట్టించరాదు, అంతవరకు ఇద్దరికీ పేచీ లేదు. కరెంటు స్విచ్చి వేస్తే అది నిప్పు ముట్టించినట్టేనని ఆయన, స్విచ్చి గురించి ఎక్కడ రాసి ఉందో చూపించమని ఆమె. చివరికి ముందు గదిలో ఆయన మతం, వంటింట్లో ఆమె మతం నడిచింది. ముందు గదిలో ఫ్యాను శుక్రవారం సాయంత్రం తిరగడం మొదలుపెడితే మర్నాడు చుక్కలు పొడిచేదాకా తిరిగేది. చలికాలం కూడా ఆ గదిలో వణుకుతూ కూర్చునేవాడు గానీ వంటింట్లోకి వెళ్లేవాడు కాదు. ఆమె అక్కడ తన ఫ్యాను కట్టేసుకుని వెచ్చగా నవ్వుకునేది.

ఒక శనివారం బాయిలో పైకప్పు కూలి ఇద్దరు ఇరుక్కుపోయారు. సైరన్ వినగానే కాలనీ నుంచి అందరికంటే ముందు పరుగెత్తుకుంటూ వచ్చినవాడు ఆయనే. గోళ్లు ఊడేదాకా రాళ్లు లాగాడు. ఒకడు బతికాడు. రెండోవాణ్ని తట్టల్లో ఎత్తాల్సి వచ్చింది. రక్తం, బొగ్గు కలిసి ఆయన మోచేతుల దాకా అట్ట కట్టింది. "శనివారం పని చేసినవ్ గద, పాపం కాదా?" అన్నాను, అడగకూడని వేళలో. "ప్రాణం కాపాడేకాడ శనివారం లేదు. మా పెద్దలు దీని మీద ఎన్నడు కొట్లాడుకోలే" అని, గట్టు మీద కూర్చుని కక్కుకున్నాడు.

కేబుల్ దొంగ సంగతి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు. నా గురించి కూడా. రాగి తీగ కోసం ఎవడో పంపు కేబుల్ కోశాడు. పంపు ఆగి, కింద నీళ్లు నడుముల దాకా వచ్చి, ఒక షిఫ్టు షిఫ్టంతా చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం వాడు దొరికాడు. ముప్పై ఏళ్లుంటాయి, బక్కవాడు. పిట్ ఆఫీసు ముందర కరెంటు స్తంభానికి కట్టేశారు. నలభై మందిమి ఉన్నాం. లైటు బెల్టులు విప్పి కొట్టాం. నేను కూడా కొట్టాను. అబద్ధమెందుకు, కొడుతుంటే నాకు సుఖంగా ఉండింది. వాడి ముక్కు విరిగి మూతి మీదికి జారింది. పళ్లు రెండు దుమ్ములో పడ్డాయి. ఎవడో పెద్ద రాయి తెచ్చాడు. "సంపుండ్రి" అని ఒక గొంతు లేచింది, తర్వాత అందరివీ లేచాయి.

కాక జనాన్ని తోసుకుని వచ్చి స్తంభానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మీల ఒక్కడన్న వద్దన్నడా?"

"ఎవ్వడనలే. అందరిది ఒకటే మాట" అన్నాను నేను.

"అయితే విడువుండ్రి."

మేమంతా బిత్తరపోయాం. ఆయన అరిచి చెప్పాడు. వెనకట వాళ్ల న్యాయస్థానంలో మనిషిని చంపాలా వద్దా అని పెద్దలు కూర్చున్నప్పుడు, ఒక్కడు కూడా వాడి పక్షాన మాట్లాడకపోతే, అందరూ ఒకే గొంతుతో చంపమంటే, వాణ్ని చంపరాదట. "అందరికి ఒకటే కనపడ్డదంటే ఎవ్వడు సరిగ సూడనట్టు. ఒక్కడన్న వీని దిక్కు నిలబడి మాట్లాడుండ్రి, అప్పుడు సంపుదురు."

నాకు కోపం తలకెక్కింది. బెల్టు తిప్పి కొట్టాను. బకిలు ఆయన కనుబొమ్మ మీద తగిలి చీరుకుపోయింది. రక్తం కంట్లోకి, గడ్డం మీదికి, చొక్కా మీదికి కారింది. ఆయన తుడుచుకోలేదు. చెయ్యెత్తలేదు. నన్ను తిట్టనూ లేదు. రక్తం కారుతున్న ముఖంతో అట్లాగే నిలబడితే, ఒక్కొక్కడు బెల్టు నడుముకు కట్టుకున్నాడు. దొంగను బతికుండగా పోలీసులకప్పగించాం. ఆ సాయంత్రం ఆయనింటికి వెళ్లాను. చిన్నమ్మ నన్ను చూసి, "నేనైతే ఆ దొంగ మీద రాయి వేసేదాన్ని" అంది, ఆయన వినేలా. కనుబొమ్మకు ఆరు కుట్లు పడ్డాయి. ఆయన నాకు చాయ్ పోయించాడు. ఆ రోజునుంచి ఆయన నావాడయ్యాడు, ఇంకోలా చెప్పడం నాకు రాదు.

ఆయనకు ఒక్కడే కొడుకు. ఐటీఐ చదివాడు. పని లేదు, తాగుడుంది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. డ్యూటీలో ఉన్నవాడికి ఒంట్లో పనికిరాదని మెడికల్ బోర్డు తేలిస్తే, వాణ్ని ఇంటికి పంపి కొడుక్కి ఉద్యోగమిస్తారు. అన్‌ఫిట్ కావడం అంటాం. మిగిలిన సర్వీసు రెండేళ్లకు తక్కువైతే ఆ దారి మూసుకుపోతుంది. కొడుక్కి ముప్పై దాటాయి, కాకకు గడువు దగ్గర పడుతోంది. వాడు రోజూ అదే పోరు.

"నా ఒళ్లు ఇనుములెక్క ఉన్నది. బాగలేదని ఎట్ల చెప్పాలెరా?" అనేవాడు కాక.

"బాగలేకుండ నేను చేస్త" అనేవాడు వాడు.

తాగినప్పుడు అట్లాగే అంటాడులే అనుకున్నాం. ఇంట్లో గిన్నెలు పగిలేవి. ఒకసారి తల్లిని చెంప మీద కొట్టాడు. ఆమె వాణ్ని ఇంట్లోంచి వెళ్లగొట్టమంది. ఆయన వినలేదు.

ఒక శనివారం మిట్టమధ్యాహ్నం. కాక పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని నోటు పుస్తకం చదువుకుంటున్నాడు. కొడుకు బొగ్గులు కొట్టే సుత్తె తీసుకుని వచ్చాడు. తండ్రి కుడి చెయ్యి గుంజి బండ మీద పెట్టి, మణికట్టును మోకాలితో తొక్కిపట్టి కొట్టాడు. ఒక్కసారి కాదు. చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమె కేకకు మేం పరుగెత్తి పోయేసరికి, ఆ బండ మీద వేళ్లేవో అరచెయ్యేదో తెలియకుండా ఉంది. తెల్లటి ఎముకల చివర్లు మాత్రం కనిపించాయి. వాడు సుత్తె పట్టుకుని అక్కడే నిలబడి వణుకుతున్నాడు. వాణ్ని నేను ఎట్లా కొట్టానో నాకు గుర్తు లేదు. పక్క క్వార్టర్ల వాళ్లు నలుగురు పట్టి లాగారని తర్వాత చెప్పారు. గుర్తున్నది కాక మాటే. నేల మీద పడి, తెగిన రక్తనాళంలోంచి రక్తం చిమ్ముతుంటే, "వాణ్ని విడువు, విడువు" అన్నాడు.

దవాఖానలో చేతిని మణికట్టు దాకా తీసేశారు. మూడోరోజు నేను మంచం పక్కన కూర్చుని, స్టేషన్‌కు పోయి కాగితం పెడదామన్నాను. చిన్నమ్మ నా కంటే ముందుంది. గ్రంథంలోనే ఉందంది ఆమె. మాట వినని, తాగుబోతు, తిండిపోతు కొడుకుంటే తల్లీతండ్రీ వాణ్ని పట్టుకుని ఊరి గవిని దగ్గర, అంటే ఊరి వాకిట, పెద్దల ముందుకు తేవాలి, ఊరంతా వాడి మీద రాళ్లు వెయ్యాలి. ఏడవకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"రాసే ఉన్నది" అన్నాడు కాక. "ఎట్ల చెయ్యాలెనో మా పెద్దలు చెప్పిండ్రు. తల్లి ఒప్పుకోవాలె, తండ్రి ఒప్పుకోవాలె. ఇద్దరిది ఒకటే గొంతు కావాలె. ఇద్దరు చేతులతోని పట్టుకొని తేవాలె. ఇద్దర్ల ఒకలకు చెయ్యి లేకపోయినా ఆ శిక్ష చెల్లదు." కట్టు కట్టిన మొండి చేతిని దుప్పటి మీద కొంచెం లేపాడు. "ఏది నా చెయ్యి?"

నాకు పిచ్చెక్కినట్టయింది. "వాడే ఇరగ్గొట్టిండు! ఇరగ్గొట్టినందుకు వానికే మాఫీనా? ఇదేం ధర్మమే?"

"నేను గూడ గదే అనుకున్న, రెండు దినాలు" అన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "గన్ని షరతులు పెట్టినోళ్లు పిల్లలు లేనోళ్లు కాదురా. ఒకాయన, గసొంటి కొడుకు ఎన్నడు పుట్టలే, ఇంక పుట్టడు అన్నడు. చదువుకోనీకే రాసిండ్రు, చెయ్యనీకే కాదన్నడు. ఇంకొకాయన లేచి, కాదు, నేను సూసిన, వాని గోరీ మీద కూసున్న అన్నడు."

"ఎవరిది నిజం?"

"ఇద్దరియి రాసున్నయ్. నాకు మొదటాయన మాట కావాలె."

"నాకు రెండో ఆయనది కావాలె" అంది చిన్నమ్మ. "నేను సూసిన."

ఆ మధ్యాహ్నమే ఆమె ఒంటరిగా స్టేషన్‌కు నడిచి వెళ్లి ఫిర్యాదు చెప్పింది. వాంగ్మూలానికి ఎస్సై దవాఖానకు వచ్చాడు. బయట వరండాలో కొడుకును కానిస్టేబుల్ పట్టుకుని ఉన్నాడు. వాడికి లోపలి మాటలు వినిపిస్తాయి. చూపుకు మర్యాదస్తుడు ఎస్సై, మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు.

"పెద్దాయనా, ఎట్లయింది?"

"పెరట్ల బండ జరిగి చెయ్యి మీద పడ్డది సార్."

"అబద్ధం" అంది చిన్నమ్మ. "కొడుకు సుత్తెతోని కొట్టిండు. నా రెండు కండ్లతోని సూసిన."

ఎస్సై కలం ఆపి ఇద్దరినీ చూశాడు. "ఒక్క మాట మీదుండుండ్రి. ఎవరిది రాసుకోవాలె నేను?"

"రెండూ రాసుకోండి సార్" అన్నాడు కాక. "నాది రాయండి. ఆమెది గూడ రాయండి, ఒక్క అక్షరం తీసెయ్యకుండ. ఆమె ఎన్నడు అబద్ధమాడదు."

ఎస్సై స్టూలు ఆమెవైపు జరుపుకున్నాడు. దెబ్బ తిన్నవాడే కాదంటుంటే కేసు నిలబడదని, ఆమెతో మెల్లగా చెప్పాడు. రెండు వాంగ్మూలాలు మాత్రం రాసుకున్నాడు. ఒకదాని కింద కాక ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. రెండోదాని కింద చిన్నమ్మ వేసింది. ఒకే ముద్ర డబ్బీ. ఆమె వేలికంటిన సిరాను ఆయన తన దుప్పటి అంచుతో తుడవబోతే, ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను వరండాలోకి వచ్చి వాడి ముఖం మీద ఉమ్మేశాను.

మెడికల్ బోర్డు కాకను అన్‌ఫిట్ చేసింది. ఆ ఉద్యోగం వాడికొచ్చింది, బదిలీ వర్కర్‌గా, అంటే రానివాళ్ల బదులు దిగేవాడిగా. భార్యాభర్తలు క్వార్టర్ ఖాళీ చేసి రామగిరి వైపు రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. చిన్నమ్మ వాణ్ని గడప తొక్కనివ్వలేదు. వాడి పేరు ఎత్తేది కాదు. నా దురదృష్టమో వాడి దురదృష్టమో, వాడు నా సెక్షన్‌లో పడ్డాడు. తాగుడు మానేశాడని అందరూ అన్నారు. తలవంచుకుని పని చేసేవాడు. వాడి చేతులు చూడకుండా ఉండలేకపోయేవాణ్ని. పది వేళ్లూ ఉన్నాయి.

ఒకరోజు ఫస్టు షిఫ్టు, టిఫిను వేళ దాటింది. వాడు నాకు నాలుగు గజాల ముందు ఒక్కడే కూర్చుని తాడు ముడి వేస్తున్నాడు. నేను కర్రతో పైకప్పు తట్టాను. డొల్ల. అంత డొల్ల చప్పుడు నా సర్వీసులో వినలేదు. లేవమని కేక పెట్టడం నా పని, నా చేత జీతమిచ్చి చేయించే పని అదొక్కటే. నేను నోరు తెరవలేదు. బండ మీది ఎముకలు కళ్ల ముందు ఉన్నాయి. నేను కొట్టక్కర్లేదు, తోయక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. పైనుంచి చిన్న రాయి ఒకటి వాడి టోపీ మీద టక్కున పడింది. వాడు తలెత్తి నన్ను చూశాడు. అప్పుడు అరిచాను. దూకి కాలర్ పట్టి ఈడ్చాను. మంచమంత బండ వాడు కూర్చున్న చోట పడి నుజ్జయింది. నా భుజం కీలు ఊడిపోయింది. పైకి వచ్చాక అందరూ నన్ను మెచ్చుకున్నారు. వాడు నా కాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను వాడి చేతుల్లోంచి కాళ్లు విడిపించుకున్నాను.

నాలుగు రోజులకు భుజానికి కట్టుతో కాక ఇంటికి వెళ్లాను. ఆ సంగతి ఆయన అప్పటికే విన్నాడు. నన్ను చూసి లేచి, ఎడమ చేత్తో నా తల నిమిరాడు. అది భరించలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"ఎంతసేపు?" అన్నాడు.

"ఏంది?"

"ఎంతసేపు నోరు మూసుకున్నవ్?"

"ఒక్క ఊపిరంత."

ఎడమ చెయ్యి లేచింది. చెంప మీద పడింది. నేను గోడకు కొట్టుకున్నాను, ఊడిన భుజమే తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. ఆయన మళ్లీ చెయ్యెత్తాడు, కానీ కొట్టలేకపోయాడు.

"వాడు నీ సెక్షన్ల పడ్డడని తెలిసిననాడు నేను కడుపునిండ తిన్న. నువ్వున్నవని. నువ్వున్నవనిరా!"

నేను చిన్నమ్మ కోసం చూశాను. నా మనసులో సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. వాడి మీద రాళ్లు వెయ్యాలన్న మనిషి, స్టేషన్ దాకా నడిచిన మనిషి. ఆమె వంటింటి గడప మీద నిలబడి ఉంది. అంతా విన్నది.

"స్టేషన్ల నేనిచ్చిన మాట ఇప్పటికి గదే" అంది. "వాడు జైల్ల ఉండాలె. పదేండ్లుండాలె, ఇరవై ఏండ్లుండాలె." గడప దిగి నా దగ్గరికి వచ్చింది. "ఉండాలె అన్న గద నేను. బతికి ఉండాలె అన్న గద. వానికేం తాకలే గద?"

"తాకలేదు చిన్నమ్మా."

"తలకు? తలకేం తాకలే గద?"

తాకలేదని మళ్లీ చెప్పాను. ఆమె నమ్మలేదు. మూడోసారి అడిగింది. కాక గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ నా పక్షాన ఉంటారని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. నోట్లో రక్తం మింగి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.